వచ్చిన తీరు

మధ్యాహ్నం పన్నెండింటికి ఒక మనిషి ఆసుపత్రి గడప దగ్గర తూలి, తలుపు పట్టుకొని నిలబడ్డాడు.

చీటీలు రాసే గుమాస్తా ముక్కు మూసుకున్నాడు. గుప్పుమని స్పిరిట్ వాసన.

“పట్టపగలేనా నాయనా?”

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు. దగ్గు మాట రానివ్వలేదు. పక్క వీధి వైపు చెయ్యి చూపించాడు.

“తెలుసులే, సారా కొట్టు అక్కడే ఉంది,” అంటూ గుమాస్తా రిజిస్టర్ తీశాడు.

అందులో ‘వచ్చిన తీరు’ అని ఒక గడి. ఒక్క ఇంగ్లీషు మాటతో నింపాలి. గుమాస్తా ఆ గడి కోసమే పుట్టినట్టుండేవాడు. అందరూ డిక్షనరీ అని పిలుస్తుంటే అదో సన్మానమనుకునేవాడు.

‘స్టాగర్డ్’ అని గుండ్రంగా రాశాడు.

కొత్త నర్సు తొంగిచూసింది. “అంటే ఏంటి సార్?”

“తూలుతూ నడవడం. పాత నార్స్ భాషలోంచి వచ్చిందమ్మా. మొదట్లో తోయడమని అర్థం. దెబ్బ తిన్నవాడికీ వాడొచ్చు, నీరసపడ్డవాడికీ వాడొచ్చు.”

“మరి ఈయనకేమైంది?”

“మన దగ్గర తాగొచ్చినవాళ్లకే రాస్తాం. తాగాడని తెలుగులో రాస్తే బంధువులు మీదికొస్తారు. ఇదైతే డాక్టరుగారికి తెలుస్తుంది, వాళ్లకి తెలీదు. మత్తు దిగేదాకా వరండా బెంచీయే.”

“పెదాలు నల్లబడ్డాయి సార్. ముందు చూపిద్దాం.”

“నిప్పు లేనిదే పొగ రాదు తల్లీ. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. నువ్వు నీ సూదులు చూసుకో.”

పాపం, నర్సు చేరి వారమే అయింది. సూదుల ట్రే వైపు తిరిగింది.

ఆ మనిషి మళ్లీ చెయ్యెత్తబోయాడు. గుమాస్తా జబ్బ పట్టుకొని లాక్కెళ్లి బెంచీ మీద కూలేశాడు. డాక్టరు ఆ గడి చూసి, తరువాతి పేరు పిలిచాడు.

అరగంటకు ఫోను మోగింది. పక్క వీధిలో బల్లలకూ బీరువాలకూ పాలిష్ వేసే షెడ్డు ఉంది. దాని నేలమాళిగలో స్పిరిట్ డ్రమ్ము పగిలిందట. గదంతా ఆవిరి. లోపల పనిచేసేది ముగ్గురు ఆడవాళ్లు.

గుమాస్తా ఫోను వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తాడు. ఆయన ఒక్కగానొక్క చెల్లెలు పనిచేసేది అక్కడే. బెంచీ మీది మనిషి గుర్తుకైనా రాలేదు. నిజం చెప్పొద్దూ, అలాంటప్పుడు ఎవరికైనా సొంతవాళ్లే గుర్తొస్తారు.

స్ట్రెచర్లు వచ్చాయి. మొదటి రెండింటి మీదా ముఖాలకు గుడ్డ కప్పేశారు. గుమాస్తా ఆ గుడ్డలు తీసి చూశాడు. మూడోదాని మీద చెల్లెలు కళ్లు తెరిచి ఉంది.

ఆమె చెయ్యి పట్టుకొని బావురుమన్నాడు.

“సార్,” వెనక నుంచి నర్సు పిలిచింది. “బెంచీ మీదాయన... పోయాడు.”

చెల్లెలికి అది వినబడలేదు. అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అన్నయ్యా, దారిన పోతూ లోపలికి దూకి నన్ను పైకి మోసుకొచ్చినాయన, ఇంకా ఇద్దరున్నారని చెప్పడానికి మీ ఆసుపత్రికే వచ్చాడు కదా, ఏ మంచం మీదున్నాడు?”