గాలి మాస్టారు

"మీ ఇంట్లో నడవలేనివాళ్ళు ఎవరన్నా ఉన్నారామ్మా?"

అడిగిన మనిషిని సౌభాగ్యమ్మ ఎగాదిగా చూసింది. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు.

"ఎందుకయ్యా, ఎత్తుకుపోతావా?"

"పిల్లలెంతమంది?"

అంతే. లోపల అన్నం తింటున్న ఆమె మొగుడు రత్తయ్య ఎంగిలి చేత్తోనే పెరటి గోడ దూకాడు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లవాళ్ళు దిగారని క్షణాల్లో ఊరంతా పాకిపోయింది. ఆ పూట ఊళ్ళో మగవాళ్ళు కనపడితే ఒట్టు.

నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే హైవే పక్కన అరవై ఇళ్ళ పల్లె అది. అప్పుడు 1985 వేసవి.

చివరికి ప్రెసిడెంటు వీరరాఘవయ్య ధైర్యం చేసి అతన్ని అరుగు మీద కూచోబెట్టాడు.

"ఎవరండీ తమరు?"

"నా పేరు సిలారండి. భోపాల్ గ్యాసు సంగతి విన్నారుగా?"

"పేపర్లో చూశాం. అయితే?"

"అట్లా ప్రాణం తీసే సరుకు మీ రోడ్డు మీద కూడా పోద్దండి. అమ్మోనియా. టాంకరు బోల్తాపడితే ఏం చేస్తారు?"

"పడ్డప్పుడు చూసుకుందాంలెండి."

"అప్పుడు చూట్టానికి కళ్ళు తెరుచుకోవండి."

వీరరాఘవయ్య నవ్వు ఆగిపోయింది. ఇంత ఎండలో పనిగట్టుకుని వచ్చాడంటే కలెక్టరాఫీసు మనిషే అయ్యుంటాడనుకున్నాడు. ఆ మాటే ఊళ్ళో చెప్పాడు.

అప్పట్నుంచి సిలార్ నెలకో ఆదివారం వచ్చేవాడు. బడి ముందు జెండా కర్రకు గుడ్డపేలిక కట్టి, అది ఎటు ఎగురుతుందో అందరికీ చూపించేవాడు.

"గాలి రోడ్డు వైపు నుంచి ఊళ్ళోకొస్తుంటే గాలితోపాటు పరుగెత్తకండి. అడ్డంగా పోండి. గుట్ట ఎక్కండి. ముక్కుకు తడిగుడ్డ మరిచిపోవద్దు."

పిల్లలు అతనికి 'గాలి మాస్టారు' అని పేరు పెట్టేశారు.

దసరా వెళ్ళాక రిహార్సల్ పెట్టాడు. బడి గంట ఆగకుండా మోగింది. ఊరంతా ముక్కులకు తడి తువ్వాళ్ళు కట్టుకుని, ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వుకుంటూ గుట్టకు బయల్దేరింది. ఎనభై ఏళ్ళ బసవమ్మను నులకమంచం మీద నలుగురు మోశారు.

"నెమ్మదిరా, నేనింకా బతికే ఉన్నా!" అని దారంతా ఆవిడ కేకలు.

గుట్ట మీద సౌభాగ్యమ్మ పులిహోర పంచింది.

"వచ్చే నెల కూడా ఉందా నాయనా ఇది?" అంది బసవమ్మ, రెండోసారి పెట్టించుకుంటూ.

"ఎన్నిసార్లయినా చేద్దాం మామ్మగారూ. నిజంది మాత్రం రాకూడదు" అన్నాడు సిలార్.

నిజంది ఫిబ్రవరిలో వచ్చింది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, ఎదురొచ్చిన బస్సును తప్పించబోయి ఓ టాంకరు కల్వర్టు పక్క గుంటలోకి ఒరిగింది. తెల్లటి పొగ. ముక్కులు పగిలే ఘాటు. గాలి ఊరి వైపే.

బడి గంట మోగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ తోసుకోలేదు. పావుగంటలో ఊరు ఊరంతా గుట్ట మీద ఉంది. వీరరాఘవయ్య పేర్లు పిలిచాడు. ఒక్కటే తక్కువ.

రత్తయ్య.

సౌభాగ్యమ్మ కిందికి ఉరకబోతే ముగ్గురు ఆడవాళ్ళు ఒడిసి పట్టుకున్నారు. అంతలో దగ్గుకుంటూ, కళ్ళనీళ్ళు కారుతూ, భుజాన లేగదూడతో రత్తయ్య గుట్టెక్కాడు. ఆమె అతన్ని నాలుగు తిట్టి, ఆ తర్వాత ఏడ్చింది.

ఫైరింజను వచ్చి నీళ్ళు కొట్టింది. మధ్యాహ్నానికి ఘాటు తగ్గింది. పోయినవి కోళ్ళు. మనుషులంతా క్షేమం.

మర్నాడు కలెక్టరాఫీసు నుంచి ఓ అధికారి జీపులో వచ్చాడు.

"ఇదంతా మీకెవరు నేర్పారండీ?"

"తమరు పంపిన సిలార్ గారే" అన్నాడు వీరరాఘవయ్య.

"మేమెవర్నీ పంపలేదే!"

ఇన్ని నెలల్లో ఆయనది ఏ ఊరో ఒక్కరూ అడగలేదు. ఒక్కపూట భోజనానికి రమ్మనలేదు.

సిలార్‌ను ఎక్కడ వెతకాలో తెలియలేదు గానీ, టాంకరు డ్రైవరు మాత్రం బెజవాడ ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసింది. గట్టిగా కడిగేసి రావాలని సౌభాగ్యమ్మ, రత్తయ్య, వీరరాఘవయ్య బస్సెక్కారు.

"ఊరి మీదికి మృత్యువును తోలాడు. మామూలుగా వదల్ను!" అంది సౌభాగ్యమ్మ.

వార్డు గుమ్మంలో నర్సు ప్రేమకుమారి ఆపింది.

"ఎవరిమీదమ్మా కేకలు? పారిపోయుంటే ఆయనకు ఏమీ అయ్యేది కాదు. మొహానికి తడిగుడ్డ కట్టుకుని ఆ పొగలోనే వాల్వు బిగించాడు. చేతులు కాలిపోయాయి. కళ్ళు వారంలో బాగవుతాయన్నారు డాక్టరుగారు."

సౌభాగ్యమ్మ నోరు కాస్త తగ్గింది.

"అంత ప్రమాదమని తెలిసి ఎందుకు తోలాలంట?"

"నిన్న పోలీసులూ అదే అడిగారు. వాల్వు బాగాలేదని ఓనరుకు ఎన్నోసార్లు చెప్పాడంట. వినలేదు. 'నేను మానేస్తే ఇంకొకడు తోలతాడు, బండి ఆ ఊళ్ళ మీదుగానే పోద్ది గదా' అన్నాడు."

ముగ్గురూ చప్పుడు చేయకుండా లోపలికి నడిచారు. చివరి మంచం మీద మనిషి, కళ్ళకూ చేతులకూ కట్లతో ఉన్నాడు.

"ఏమయ్యా..." అంది సౌభాగ్యమ్మ. తిట్టాలో పలకరించాలో తేల్చుకోలేకపోయింది.

కట్ల కింద పెదాలు నవ్వాయి.

"సౌభాగ్యమ్మ గొంతులాగుందే! చెల్లెమ్మా, మన ఊళ్ళో అందరూ కులాసాయేనా?"

సెలవు దొరికిన ఆదివారమల్లా వచ్చి వాళ్ళకు బతకడం నేర్పిన గాలి మాస్టారే, వారానికి రెండుసార్లు ఆ టాంకరును ఆ ఊరి మీదుగా తోలుకుపోయే డ్రైవరు.