తలకాయల్లేని ఫోటోలు

మా అమ్మాయి తీసే ఫోటోల్లో మనుషులకి తలకాయలుండవు. తనకి ఇరవయ్యేళ్ళు, ఎత్తు మూడడుగులు. నాది సెలూను.

"ఏమండీ పొట్టి మేడమ్, ఈసారి కూడా మోకాళ్ళేనా?" అన్నాను, నిన్న చుట్టాలొచ్చినప్పుడు తీసినవి చూస్తూ.

"తలకాయలు అందరూ తీస్తారు నాన్నా. నా ఎత్తుకి కనపడేవి నేను తీస్తాను."

ఒకదాంట్లో, బల్ల కింద దాచుకున్న నా కుడిచెయ్యి ఉంది.

"ఇది అలికేసినట్టుంది. కెమెరా కదిపేశావు," అని వెక్కిరించాను.

"కదిపితే పక్కనున్న కుర్చీ కాలు కూడా అలాగే ఉండాలిగా. చూడు, గీత గీసినట్టుంది."

నాకు నవ్వు రాలేదు. ఆ చేత్తోనే రోజూ పాతికమంది పీకల మీద కత్తి పెడతాను.

"మీ అమ్మకి చూపించావా?"

"ఇంకా లేదు నాన్నా. రేపు నువ్వు షాపు తెరిస్తే చూపిస్తాను."