చివర్లో వచ్చేది

“బాబూ, ఈ రేడియో పాడైంది. కాస్త చూస్తావా?”

స్టూడియో మెట్ల మీద ఒక పెద్దావిడ చేతిసంచిలోంచి రేడియో బయటికి తీసింది.

“ఇది రిపేరు షాపు కాదమ్మా, రేడియో స్టేషను,” అన్నాడు సౌండ్ ఎడిటర్.

“షాపులో చూపించాను. బాగానే ఉందన్నాడు. మాటలన్నీ వస్తున్నాయి. మీ ఓడ నాటకంలో చివర్లో వచ్చేదే రావట్లేదు.”

ఎడిటర్‌కి నవ్వొచ్చింది. చివర్లో వచ్చేది ఏమీ లేదు.

ఆ నాటకం అతను పుట్టకముందు నుంచీ వారం వారం వస్తోంది. దారి తప్పిన అంతరిక్ష నౌక కథ. ప్రతి భాగం చివరా కెప్టెన్ చీకట్లోకి ఒకటే ప్రశ్న వేస్తాడు: “అక్కడ ఎవరైనా ఉన్నారా?”

జవాబు రాదు. కాసేపు నిశ్శబ్దం. అంతటితో సరి.

దాన్ని పుట్టించిన పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఆ ఓడలో తుపాకీ లేదు. ఆయన పోయాక కొత్త డైరెక్టర్ వచ్చాడు. ఓడకి ఫిరంగులొచ్చాయి. గ్రహానికో శత్రువు వచ్చాడు. పెద్దాయన గుసగుసగా చెప్పించిన ప్రశ్నని కెప్టెన్ ఇప్పుడు గొంతు చించుకుని అరవాలి.

నిశ్శబ్దం మాత్రం మిగిలింది. అందులో సన్నని రొద ఉండేది. పాత టేపు కదా, అరిగిపోయిందనుకున్నాడు ఎడిటర్. చీమ నడిచినా వినిపిస్తుందని ఆఫీసులో అతన్ని పాముచెవులు అంటారు. కొత్త భాగాల్లోనే కాదు, పాతవాటిలోనూ ఆ రొద తుడిచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

“అద్దంలా చేశావురా పాముచెవులూ!” అన్నాడు డైరెక్టర్.

టేపులు విరిగిన కుర్చీలతో పాటు చెత్త లారీ ఎక్కాయి.

“అది రొదమ్మా. నేనే తీసేశాను.”

“రొద కాదు నాయనా. ఊపిరి.”

“అంతరిక్షంలో గాలే ఉండదు. ఇంక ఊపిరెక్కడిది?”

ఆవిడ రేడియోని సంచిలో పెట్టుకుంది.

“మళ్ళీ పెట్టు. వారమంతా దానికోసమే చూస్తుంటాను.”

లోపల్నుంచి డైరెక్టర్ కేకేశాడు. “ఏంట్రా అక్కడ బేరం?”

“మన నిశ్శబ్దం బాలేదట సార్.”

“దానికీ అభిమానులున్నారా! ఏదో ఒకటి పెట్టి పంపించరా.”

ఎడిటర్ మైకు ముందు నిలబడి తనే ఊపిరి పీల్చి వదిలాడు. దాన్ని ఆ వారం భాగం చివర అతికించాడు. పోన్లే, పెద్దావిడ సంతోషిస్తుందనుకున్నాడు.

ప్రసారమైన మర్నాడే ఆవిడ వచ్చింది. మెట్ల దగ్గర ఆగలేదు. ఎడిటింగ్ గదిదాకా వచ్చి రేడియో బల్లమీద పెట్టింది.

“వచ్చిందా అమ్మా?”

“వచ్చింది. నీదేనా?”

అతను తల దించుకున్నాడు.

“అది పెద్దవాళ్ళ ఊపిరి నాయనా. నాకు పాతది కావాలి.”

“లేదమ్మా. టేపులు పారేశాం.”

“ఒక్కటీ లేదా?”

“లేదు.”

ఆవిడ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

“అమ్మా, రేడియో మర్చిపోయారు!”

“ఇంక దాంతో నాకేం పని,” అంటూ మెట్లు దిగిపోయింది.

ఆ వెనకే కెప్టెన్‌కి గొంతు ఇచ్చే ముసలి నటుడు వచ్చాడు. బల్లమీద రేడియో చూసి ఆగాడు. చేతిలోకి తీసుకుని పగిలిన మూల తడిమాడు.

“ఇది పెద్దాయన ఇంట్లోది కదరా! ఎవరు తెచ్చారు?”

ఎడిటర్ జరిగింది చెప్పాడు. టేపుల సంగతి తప్ప.

“అయ్యో, వదిన వచ్చిందా! పెద్దాయన భార్యరా ఆవిడ. పాప పోయాక ఆయనతో ఆ ఇంట్లో ఉండలేకపోయింది. ఈ రేడియో ఒక్కటే తీసుకుని వెళ్ళిపోయింది.”

“ఏ పాప?”

“అదేంట్రా, పాముచెవులు అంటారు నిన్ను. నాటకం చివర్లో వారం వారం వినేవాడివి కదా! వాళ్ళ పాప ఆసుపత్రిలో నిద్రపోతుంటే ఆయన పక్కన కూర్చుని రికార్డు చేసిన టేపు అది. ఈ ఫిరంగుల గోల వచ్చాక నేను వినడం మానేశాను గానీ... ఆ టేపు జాగ్రత్త బాబూ. ఆయన ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.”

ముసలి నటుడు రేడియోని బల్లమీద మెల్లగా దించాడు.

“నేను ఆ ప్రశ్న కాస్త గట్టిగా అడిగితే చాలు, రికార్డింగ్ ఆపేసి వచ్చేవాడు. ‘మెల్లగా అడగరా, పాప లేస్తుంది’ అనేవాడు.”