పింఛను చేతులు

"నేను రాను గిడియోనూ. ఇయ్యాల గాదు" అని సత్తమ్మ గడప మీద నుంచి లేవకుండానే చెప్పేసరికి మేస్త్రీ గిడియోన్‌కు ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? బహదూర్‌పల్లిలో ఆ ఉదయం స్లాబు. కాంక్రీటు కలిపే మిషను వచ్చేసింది. కూలీల దావత్‌కని ఇంటి యజమాని మాంసం కూడా తెచ్చిపెట్టాడు. స్లాబు పని ఒకసారి మొదలైతే మధ్యలో ఆపేది కాదు. సరిగ్గా ఇవాళే తట్టలందించే వరుసలో ఇద్దరు ఎగ్గొట్టారు. ఈ ముసలామె చూస్తే, ఒకప్పుడు ఒక్క స్లాబూ తప్పని మనిషి, కొన్నాళ్లుగా పని మొహమే చూడకుండా నీడపట్టున కూర్చుని వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటోంది. అంట్లు కూడా పక్కింటి శైలజే తోమిపెడుతోంది.

సత్తమ్మకు పింఛను మంజూరైన సంగతి వాడకట్టంతా తెలుసు. ఆ వెంటనే ఆమె పని మానేసింది. ఇంతకన్నా రుజువేం కావాలి?

"సర్కారు బియ్యమియ్యవట్టె, పింఛనియ్యవట్టె. ఇగ పని ఎవలకు గావాలె?" అన్నాడు గిడియోన్, గల్లీలో అందరికీ వినబడేలా. "ఉత్త పైసలకు మరిగినంక మనిషి లేస్తడా అవ్వా?"

సత్తమ్మ ఏదో చెప్పబోయింది. రేపు ఒక్కరోజు పోనిమ్మంది, ఎల్లుండి నుంచి పిలవకున్నా వస్తానంది. ఎల్లుండికి స్లాబు ఆగుతుందా అని అతను మాట తుంచేశాడు. అక్కడితో ఊరుకోక, ఆమె కొడుకు పోయిననాడు పాడె మోసింది ఎవరో గుర్తుచేశాడు. అనకూడని మాటే. అన్నాక అతనికీ అలాగే అనిపించింది.

ఆ మాటకు ఆమె లేచింది. లోపలికెళ్లి రెండు ప్లాస్టిక్ కవర్లు వెతికి, చేతులకు తొడుక్కుని, మణికట్ల దగ్గర శైలజతో దారం కట్టించుకుని అతని బండెక్కింది.

స్లాబు దగ్గర ఆ కవర్లు చూసి కూలీ ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. గీ సోకేందని ఒకామె అడిగింది.

"పింఛను చేతులు గదమ్మా, మాసిపోతయి" అన్నాడు గిడియోన్. అందరూ విరగబడి నవ్వారు. సత్తమ్మ కూడా నవ్వింది.

కాసేపటికే తడిసిన కవర్లలోంచి తట్ట జారి, కింద నిలబడ్డ మనిషి పాదం పక్కన పడింది. గిడియోన్ పైనుంచి అరిచాడు. "అవి తియ్యవ్వా. ఎవలి కాలన్న ఇరగ్గొడ్తవా?"

సత్తమ్మ తన చేతుల వైపు ఒకసారి చూసుకుంది. తర్వాత దారం పళ్లతో కొరికి తెంపింది.

ఇక చూడాలి ఆమె పని. తట్ట వచ్చినట్టు తెలిసేది కాదు, పోయినట్టు తెలిసేది కాదు. సోమరితనంలో పడిపోయిన మనిషిని మళ్లీ దారిలో పెట్టానని గిడియోన్ లోలోపల మురిసిపోయాడు. దావత్ దగ్గర ఆమె ముక్క ముట్టకుండా నల్లా కింద చేతులు కడుగుతూనే ఉంది. అది అతను చూశాడు గానీ పట్టించుకోలేదు.

సాయంత్రం కూలి చేతిలో పెడుతూ మెత్తగానే చెప్పాడు. "సూసినవా అవ్వా, నీ చేతుల ఇంక మస్తు బలముంది. పింఛను నమ్ముకొని కూసుంటే ఎట్ల?"

సత్తమ్మ కుడి బొటనవేలు అతని ముందుకు చాపింది. సిమెంటుకు నాని తెల్లబారి, పైతోలు ఊడి వచ్చింది.

"గీతలేమన్న కనవడ్తున్నయా కొడుకా? నా కండ్లకు ఆన్తలేవు."

"నన్ను జాతకం జెప్పమంటవా ఏంది?" అని నవ్వాడు గిడియోన్.

"జాతకం గాదు. రేపు పింఛను మిషన్ల ఏలు పెట్టాలె. ఇంతదాంక ఒక్క పైస ఇయ్యలే. సిమెంటుకు నీ ఏలి గీతలు అరిగినయి, మిషను గుర్తువడ్తలేదన్నరు. కొన్ని దినాలు పని ముట్టకుంటే మల్లొస్తయన్నరు." ఆమె బొటనవేలిని కొంగులో చుట్టుకుంది. "పొద్దుగాల సూస్తే సన్నగ మొలిచినయి కొడుకా."