మా ఆయన పిలుపు

"మామ్మా, అయిదింటికల్లా పంపకపోతే ఫెస్టివల్‌వోళ్లు తీసుకోరు. బాగున్నాదా, లేదా సెప్పు!" మా మనవరాలు యమున వేలు ల్యాప్‌టాప్ మీదే ఉంది.

యమున ఏఐతో చేసిన సినిమాలో, ఎప్పుడో పోయిన మా ఆయన మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాడు. నా వైపు తిరిగి, "నారాయణమ్మా!" అని పిలిచాడు.

"ఏటే ఇది? మీ తాత నన్ను ఎప్పుడైనా పేరెట్టి పిలిసినాడా? బతికినన్నాళ్లూ 'ఒసే' అనీవోడు. మన పొందూరోళ్లు సూస్తే నవ్వుతారు. తీసీ!"

"సినిమాకి ప్రాణం ఆ మాటే మామ్మా!"

"ఆయన అనని మాటకి ప్రాణమేటే? తీస్తావా, నన్ను లెగిసిపొమ్మంటావా?"

యమున కళ్లు తుడుచుకుని, ఆ పిలుపును చెరపబోయింది. నేను గబుక్కున దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఆగే. తీసీముందు ఇంకొక్కపాలి పిలిపించు."