రెండో భాగస్వామి ఏం చెయ్యాలి?

"ఆ మొదటి భాగస్వామి ఉత్త దండగ మనిషి సార్!" అంది ముందు వరుసలోని అమ్మాయి.

క్లాసు గొల్లుమంది. ప్రొఫెసర్‌కి ప్రాణం లేచొచ్చింది. వ్యాపార పాఠాలకి అవే పాత కంపెనీల కేసులు చెప్పి చెప్పి ఆయన గొంతు అరిగిపోయింది. చర్చ ఇంత వాడిగా సాగి ఎన్నాళ్లయిందో!

ఈ కేసు కొత్తది. "తెలిసినవాళ్ల సంస్థండీ. ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. మీ పిల్లల్నడిగి చూడండి" అంటూ భార్యే తెచ్చిచ్చింది.

నాలుగే పేజీలు. ఇద్దరు భాగస్వాములు, ఇరవై ఆరేళ్ల సంస్థ. పైకప్పు కారితే మూలకారణం మీద చర్చ పెట్టేది మొదటి భాగస్వామి. బకెట్టు పెట్టేది రెండో భాగస్వామి. రెండు శాఖలు పెడితే రెండూ ఎప్పుడో సొంతకాళ్ల మీద నిలబడ్డాయి. రెండో భాగస్వామి ఆసుపత్రిలో ఉన్న వారం, మొదటి భాగస్వామి పొరుగూళ్లో సన్మానం చేయించుకుంటున్నాడు.

"పోనీ, సర్దుకుపోతే?" ప్రొఫెసర్ ఎగదోశాడు.

"ఇరవై ఆరేళ్లు సర్దుకున్నది చాలదా సార్?"

"ఆయనకే నచ్చజెబితే?"

"వినే రకమైతేగా!" అన్నాడు వెనక బెంచీవాడు.

చేతులెత్తమంటే అరవై మందికి అరవై మందీ విడిపోవాలనే ఎత్తారు.

"చూశారా! ఊరందరికీ కనిపించేది ఆ పెద్దమనిషికి మాత్రం కనిపించదు" అని ప్రొఫెసర్ పకపకా నవ్వి, 'తన లోపం తనకి తెలియకపోవడం' అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశాడు.

ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా భార్యకి తీర్పు వినిపించాడు.

"పిల్లల మాట సరే. మీరేమంటారు?"

కేసు చెప్పే పంతులు తన జవాబు బయటపెట్టకూడదు. ఆయన ఏనాడూ పెట్టలేదు. కానీ ఆ రోజు ఊపు అలాంటిది.

"అనేదేముందోయ్! తక్షణం విడిపోవాలి. ఇన్నేళ్లు ఓర్చుకోవడం మంచితనం కాదు, తెలివితక్కువతనం."

"ఆ ముక్కే కాస్త రాసిద్దురూ. మీ అంతటివారు చెబితే ధైర్యంగా ఉంటుంది."

కాలేజీ లెటర్‌హెడ్ మీద రాశాడు. సంతకం కింద డిగ్రీలన్నీ తగిలించాడు. ఆవిడ రెండుసార్లు చదువుకుంది.

"ఇన్నాళ్లకి ఒక ప్రశ్నకి సూటిగా జవాబిచ్చారండీ" అంది.

ఆయన మురిసిపోయాడు.

పది రోజులకి ఆ కాగితం నకలు రిజిస్టర్డు పోస్టులో ఆయనకే తిరిగొచ్చింది, భార్య తరఫు వకీలు పంపిన విడాకుల నోటీసుకి పిన్ను కొట్టి.