లౌక్య పొట్టలోకి నా పాయసం

మా అత్తవారింట్లో కొత్తకోడలు తొలిసారి వండిన పాయసం ఇంటిల్లిపాదికీ తన చేత్తోనే తినిపించాలి. అందరికీ తినిపించాను, మా ఆయనకు రెండుసార్లు! ఇక మిగిలింది మా తోడికోడలు హైమక్క కూతురు, ఐదేళ్ల లౌక్య. ఏది మింగినా దానికి పొలమారుతుంది. పూటపూటకూ ముక్కులోంచి పొట్టదాకా సన్నని గొట్టం వేసి పల్చని తిండి పోయాలి. అమ్మ తప్ప ఎవరు వేసినా ఒప్పుకోదు. అందుకే అక్క టీచరు ఉద్యోగం మానేసింది.

“సేమ్యా గొట్టంలో దూరుతుందా పిన్నీ?” అని లౌక్య కిసుక్కున నవ్వింది. నాలుక కరుచుకుని పాయసాన్ని పల్చని గుడ్డలో వడగట్టాను.

“ఇవాళ పిన్ని వేస్తుందట. సరేనా?” అంటూ అక్క ఒంటి లోపలిదంతా పైకి బొమ్మలా చూపించే, ఇప్పుడు ఇంటింటా ఉండే బొమ్మదుప్పటిని పాప మీద పరిచింది. పాప లోపలి దారులన్నీ దానిమీద వెలిగాయి. ముక్కులోంచి గొట్టాన్ని మెల్లగా లోపలికి తోశాను. గొట్టం కొస ఊపిరిదారి వైపు తిరిగింది.

“అటు కాదు పిన్నీ! కొంచెం వెనక్కి లాగు. ఇప్పుడు గుటక వేస్తా, తొయ్యి.”

తోశాను. కొస పొట్టలోకి చేరింది. అక్క చూసి తలూపాక పాయసం పోశాను. అది దిగుతుంటే బొమ్మలో చూస్తూ లౌక్య చప్పట్లు కొట్టింది.

“అమ్మా, నువ్వింక బడికెళ్లి ఆ పిల్లల్ని తిట్టుకో. పిన్నికి వచ్చేసింది!”